బావి నోరు మూయించని మనిషి

పోయిన నెల సంగారెడ్డిలో ఒక చర్చిలో లేచి నిలబడి మాట్లాడవలసి వచ్చింది. దేవుడు లేడని ఊరూరా వాదించే వాణ్ని చర్చిలో మాట్లాడమని ఎవరూ పిలవరు. నన్నూ పిలవలేదు. బీయస్సీలో నాకు ఉష్ణమూ తరంగాలూ చెప్పిన ఫిజిక్స్ లెక్చరరు పోయారు. ఆయన్ను తలుచుకుని ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వెనక బెంచీ మీద బుద్ధిగా కూర్చున్నాను. ముందు వరసలో సారు భార్య ఉన్నారు. పాస్టరుగారు మంచి మనిషే, గొంతు కూడా మంచిది. సారు భక్తిని గురించి చెబుతూ చెబుతూ ఆయన ఇలా అన్నారు: "పటాన్‌చెరు దగ్గర ఒక ఊళ్లో దయ్యం పట్టి మూలుగుతున్న బావిని మన సహోదరుడు ఒక్క ప్రార్థనతో నోరు మూయించాడు."

నలుగురైదుగురు "ఆమెన్" అన్నారు. నేను లేచాను.

ఎందుకు లేచానో చెప్పాలంటే సారు ఎలాంటి మనిషో ముందు చెప్పాలి.

అరవయ్యో దశకం మధ్యలో మా కాలేజీలో పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి. సారు పాఠం మాత్రం సంగారెడ్డి బజారు భాషలో ఉండేది. చొక్కా జేబులో ఒక సుద్దముక్క, దాని పక్కన చిన్న కొత్త నిబంధన పుస్తకం. ఆ పుస్తకం అట్టకు ఎప్పుడూ సుద్ద అంటుకుని ఉండేది. ఉష్ణం మీద మొదటి పాఠానికి ఆయన బోర్డు వైపు కూడా తిరగలేదు. అది చలికాలం పొద్దుటి పూట. ముందు బెంచీలో ఉన్నందుకు నన్నే లేపారు.

"గా ఇనుప బీరువ మీద చెయ్యి పెట్టు. ఇగ గీ బెంచి మీద పెట్టు. ఏది సల్లగున్నది?"

"బీరువ సార్."

"థర్మామీటరు పెట్టి సూడు."

రెండూ ఒక్కటే చూపించాయి. క్లాసంతా నవ్వింది.

"అంటే నీ చెయ్యి అబద్ధం చెప్పిందా?"

"చెప్పింది సార్."

"తప్పు. నీ చెయ్యి నిజమే చెప్పింది. నీ వొంట్లకెల్లి వేడిని ఎవరు జల్దీ గుంజుకపోతున్నరో చెప్పింది. నువ్వడిగింది ఒకటి, అది చెప్పింది ఇంకొకటి. చేతిని తిట్టకు. సవాలు సరిగ అడుగు."

సవాలంటే ఆయన భాషలో ప్రశ్న. ఆ మాట ఆయన జీవితమంతా అన్నారు. ఎవరైనా వచ్చి నా కళ్లారా చూశాను సార్ అంటే, "కండ్లు నిజమే చెప్పుంటయి. నువ్వేమడిగినవు వాటిని?" అనేవారు. నాకది అప్పట్లో చిరాకు. నేను కాలేజీ డిబేటింగు సొసైటీలో అగ్గిపుల్లలా తిరుగుతున్న రోజులవి. ఎదుటివాణ్ని మూఢుడని తేల్చేయడంతోనే నా వాదం మొదలయ్యేది, చాలాసార్లు అక్కడే ముగిసేది కూడా.

తరంగాల పాఠానికి మమ్మల్ని గోడ పొడుగునా వరసగా నిలబెట్టి, భుజం భుజం ఆనించి, ఈ చివర వాణ్ని ఒక్క తోపు తోశారు. ఆ చివర నిలబడ్డవాడు గుమ్మంలోంచి వరండాలోకి పోయి పడ్డాడు. "నడుమల ఎవడన్న జాగ ఇడిసిండా? ఇడువలే. మనిషి కదలలే, దెబ్బ పోయింది. గదే తరంగం" అన్నారు. పడ్డవాడు దుమ్ము దులుపుకుంటూ "దెబ్బ నాకే తగిలింది సార్" అంటే, "నువ్వు రుజువువి బిడ్డా. రుజువుకు దెబ్బ తగులుతది" అన్నారు.

ల్యాబులో ఆయనకు తెలివైన పిల్లలంటే అనుమానం. ప్రయోగం చేసి తెచ్చిన జవాబు పుస్తకంలో ఉన్న జవాబుతో అచ్చంగా కలిసిపోతే కళ్లజోడు తీసి తుడిచేవారు. "గింత సక్కగ వచ్చిందంటే కొలిసినోడివి నువ్వు కాదు. పో, మళ్ల సెయ్యి." వంకరటింకర లెక్కలతో భయపడుతూ వచ్చినవాడికి మంచి మార్కులు పడేవి.

ఇంకో అలవాటు ఉండేది. చర్చి గాయక బృందంలో ఆయనది కింది స్థాయి గొంతు. ఏ పాత్ర కనబడినా, అది కుండ కావచ్చు, బిందె కావచ్చు, సర్వపిండి గిన్నె కావచ్చు, దాని మూతి దగ్గర తల వంచి అడుగు గొంతుతో "ఊఁ" అని మొదలుపెట్టి మెల్లగా పైకి పోయేవారు. ఒకచోట పాత్ర తిరిగి పలికేది. లోపలి గాలికి సొంతంగా ఒక సురం ఉంటుంది, మన గొంతు ఆ సురాన్ని తాకితే అది పెద్దగా మోగుతుంది, దాన్నే అనునాదం అంటారని మేం పరీక్షల్లో రాసేవాళ్లం. ఆయన భార్య ఒకసారి మా ముందే అన్నారు: "మా ఇంట్ల ఏ గిన్నె ఏ సురం పలుకుతదో అన్ని ఎరుకే ఈనకు. ఉప్పు డబ్బ ఏడున్నదో మాత్రం ఎరుక లేదు."

ఆయన ఆదివారాలతో నాకు పడేది కాదు. మూడో ఏడు ఒకరోజు ల్యాబులోనే నిలదీశాను. చల్లారిన వస్తువు తనంత తాను మళ్లీ వేడెక్కదని సోమవారం చెబుతారు, చనిపోయినవాడు లేచాడని ఆదివారం పాడతారు, ఇది ఎలా కుదురుతుంది సార్ అని. ఆయనకు కోపం రాలేదు.

"నేను చర్చిల థర్మామీటరు పెట్టను. ల్యాబుల మోకరించను. గంతే బిడ్డా."

అది జవాబు కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఒకే బుర్రలో రెండు గదులు కట్టుకుని మధ్య తలుపు మూసుకున్న మనిషి చెప్పే మాట అది. కానీ ఆ తలుపు ఆయన ఎంత గట్టిగా మూసి ఉంచారో నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, ఒక బావి దగ్గర.

అప్పటికి నేను పటాన్‌చెరులో బడిపంతుల్ని. బొంబాయి రోడ్డు వారనున్న జొన్న చేలల్లో ఫ్యాక్టరీలు లేస్తున్న కాలం. రోడ్డుకు కొంత లోపలగా ఉన్న ఒక ఊళ్లో పాత చేదబావి ఒకటి ఉండేది. సన్నని రాతి బావి. నీళ్లు అడుగంటడంతో ఎవరూ తోడుకునేవారు కాదు. ఆ చలికాలంలో పొద్దుగూకే వేళకు ఆ బావి మూలగడం మొదలుపెట్టింది. రోజూ కాదు, కొన్ని రోజులు. బావి చుట్టూ కట్టిన వొరమీద చెయ్యి ఆనిస్తే అరచేతికి ఆ అదురు తెలిసేది. అదే నెలలో ఊళ్లో రెండు దూడలు చచ్చాయి. ఒక పిల్లవాడికి జ్వరం తగ్గలేదు. బావి పక్క గుడిసెలో నర్సవ్వ అనే ముసలామె ఒంటరిగా ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. బాణామతి చేస్తున్నదని తేల్చేశారు. బాణామతి చేసేవాళ్ల పళ్లు పీకేస్తే మంత్రం పారదని మా జిల్లాలో ఒక నమ్మకం. అమావాస్య లోపల బావి ఊరుకోకపోతే ఆ పని చేయాలని పెద్దలు మాట్లాడుకున్నారు.

నేను వెళ్లాను. అరుగెక్కి గంటసేపు ఉపన్యసించాను. అంతా విని ఒక ముసలాయన అడిగాడు:

"పంతులూ, బావి మోగుతున్నదా, లేదా? నీ చెవులతోని ఇన్నవా?"

"విన్న."

"మరి ఎవరు మోగిస్తున్నరు?"

మూఢనమ్మకం అనే మాట ఎంత గట్టిగా అరిచినా ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఆ సాయంత్రమే బస్సెక్కి సంగారెడ్డిలో సారు ఇంటికి వెళ్లాను. బహిరంగ సభ పెట్టి మంత్రగాళ్లకు సవాలు విసురుదాం, మీరు అధ్యక్షత వహించాలి అన్నాను.

"మీటింగు తర్వాత. ముందుగాల బావిని సూద్దాం" అన్నారు. "ఐతారం చర్చి అయినంక పగటీలి బస్సుకు పోదాం."

ఆదివారం ముడులు వేసిన తాడు ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చారు. ఊరి జనంతో, మీరు తప్పు, మీకు తెలియదు అనే మాటలు ఒక్కటీ అనలేదు. "మోగుతున్నదని మీరు చెప్పింది నిజమే అయ్యుంటది. ఎప్పుడు మోగుతది? గాలి కొడితే మోగుతదా? మబ్బు పడితే మోగుతదా?" అని అడుగుతూ తిరిగారు. తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలి లోతు చూశారు. తర్వాత వొర మీదికి వంగి, కళ్లు మూసుకుని, అడుగు గొంతుతో "ఊఁ" అని మొదలుపెట్టారు. మెల్లగా పైకి పోతూ ఉంటే ఒకచోట బావి బావంతా పలికింది. ఆడవాళ్లు దూరం జరిగారు. ఆ సురాన్నే మళ్లీ మళ్లీ అన్నారు, గుర్తుపెట్టుకోవడానికి.

చుట్టూ జనం. నడుమ కళ్లు మూసుకుని గొణుగుతున్న కిరస్తానీ సారు. వాళ్లకేం కనిపించిందో వేరే చెప్పాలా?

పొద్దుగూకింది. అందరూ కాచుకుని ఉన్నారు. బావి మోగలేదు. ఇంకా సేపు చూశారు. గాలి లేదు, మబ్బు లేదు, అన్నీ మోగే రోజుల్లాగే ఉన్నాయి. అయినా మోగలేదు. ఊరి పటేలు ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"సారూ, నువ్వు దొడ్డోనివి. నీ మంత్రానికి నోరు మూసింది. ఇగ నర్సవ్వ జోలికి మేం పోం. ఏమంటర్రా?"

"గంతే, గంతే" అన్నారు జనం. ఎవడో వెనకనుంచి, "కిరస్తానపోళ్ల మంత్రం గట్టిదని నేను ఎప్పుడో చెప్పిన" అన్నాడు.

నేను సారు వైపు చూశాను. ఒక్క అబద్ధం. అది కూడా నోటితో చెప్పనక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

"నేను మంత్రం ఎయ్యలే" అన్నారు సారు. "గొంతుతోని బావిని కొలిసిన. మూయించింది నేను కాదు. రేపు మళ్ల మోగుతదనే అనుకుంటున్న."

జనం ముఖాలు మారాయి. నర్సవ్వ గుంపును తోసుకుంటూ వచ్చి ఆయన కాళ్లు పట్టుకుంది.

"కొడకా, నీ కాల్మొక్త, ఊకో. నేనే మూసిన అను. గొక్క మాట అను. నేను బతికిపోత."

సారు ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు.

"అవ్వా, నేను మూసిన్నంటే, రేపు మోగినప్పుడు తెరిసినోళ్లు ఒకళ్లు కావాలె గద. ఎవర్ని అడుగుతరు? నిన్నే అడుగుతరు. ఒక తాళంచెవి నా చేతిల ఉన్నదని ఒప్పుకుంటే, రెండోది నీ కొంగున ఉన్నట్టే."

నేను ఇరవై ఏళ్లుగా మహిమల మీద రాస్తున్నాను, మాట్లాడుతున్నాను. ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఎవరికీ నష్టం లేని మహిమ కదా, నమ్మితే ఏం పోయిందని అడిగే పెద్దమనుషులకు నేను చెప్పేది ఇదే: మహిమ పుట్టిన ఇంట్లోనే మంత్రగత్తె కూడా పుడుతుంది. కవల పిల్లలు.

"మరి రేపు మోగితే?" అన్నాడు పటేలు, ఈసారి చేతులు జోడించకుండా.

"మోగితే నన్ను అడుగుండ్రి. నర్సవ్వ అరుగు మీదనే కూసుంట. ఎందుకు మోగుతున్నదో ఒక అనుమానం ఉన్నది. కని కొలవకుండ చెప్ప."

సంగారెడ్డిలో తన ఇంట్లో సంగతి చెప్పి రమ్మని నన్ను బస్సెక్కించారు. ఆయన భార్య విని, "రేపటికి రొట్టెలు కట్టిస్త, తీస్కపో. ఆడ అవ్వకు సుత సరిపోవాలె" అన్నారు.

సోమవారం పొద్దున సారు ఆ ఊరినుంచి నడిచి బొంబాయి రోడ్డు మీది కొత్త ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వెళ్లారు. నేనూ అక్కడికే చేరాను. గేటు పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, నిన్న బావి పలికిన సురం అందుకున్నారు. లోపల ఏదో పెద్ద పంఖా తిరుగుతూ అదే సురం పలుకుతోంది. ఎక్కడో ఉత్తరాదినుంచి వచ్చిన గేటు జవాను ఆయన్ను కాసేపు చూసి, ఒంట్లో బాగా లేదేమోనని, "మాస్టర్‌జీ, తబియత్ ఠీక్ హై?" అని అడిగాడు. "ఠీక్ హై భాయ్. నిన్న మీ పంఖా బంద్ ఉండెనా?" అన్నారు సారు. ఇత్వార్ ఛుట్టీ, అన్నీ బంద్ అన్నాడు జవాను.

సాయంత్రం బావి మోగింది. నలుగురు పోరగాళ్లు నర్సవ్వ గుడిసె వైపు కదిలారు. సారు అరుగు మీదనుంచి లేవకుండానే ఆ సురాన్ని బావితో కలిపి అన్నారు. పోరగాళ్లు ఆగిపోయారు.

"గిదే గద? గీ సురం ఫ్యాక్టరీల పంఖది. పొద్దుగాల పోయి ఇనొచ్చిన. నిన్న ఐతారం, పంఖ బంద్. గందుకే మీ బావి ఊకున్నది."

అప్పుడొక ప్రశ్న వచ్చింది. అడిగినవాడు అరుగు దగ్గర నన్ను నిలదీసిన ఆ ముసలాయనే. "ఫ్యాక్టరీ పగలంత నడుస్తది గద సారు. బావి పగలెందుకు మోగది?"

సారు ముఖం వెలిగిపోయింది. మా క్లాసులో అంత మంచి ప్రశ్న మేమెవ్వరం అడిగి ఉండం.

"జోడెడ్ల బండి తోలినవా తాతా? ఒక ఎద్దు ఉరుకుతది, ఇంకొకటి మెల్లగ నడుస్తది. బండి ఏ దిక్కు మల్లుతది?"

"మెల్లగ నడిసేదాని దిక్కు."

"వేడి గాలిల చప్పుడు ఉరుకుతది, సల్ల గాలిల మెల్లగ పోతది. పగటీలి భూమి పెంక లెక్క కాలుతది. కింది గాలి వేడి, మీది గాలి సల్లన. చప్పుడు మీదికి మల్లి మన నెత్తి మీదికెల్లి పోతది. పొద్దుగూకినంక భూమి సల్లవడ్తది, కింది గాలి సుత సల్లవడ్తది. ఇగ చప్పుడు కిందికి మల్లుతది, వచ్చి మీ బావిల వడ్తది. మబ్బున్ననాడు, గాలి కొట్టిననాడు భూమి గట్ల సల్లవడది. గప్పుడు మీ బావి మోగదని మీరే చెప్తిరి."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పటేలు మాత్రం మెత్తబడలేదు.

"మాటలు మంచిగున్నయి సారు. కని నిన్న నువ్వొస్తెనే మూసుకున్నది."

"నిజమే. గా అనుమానం ఉండాల్సిందే" అన్నారు సారు. "వచ్చే ఐతారం నేను రాను. మీరే బావి కాడ కూసోండ్రి. మోగితే నేను చెప్పింది తప్పు. అప్పటిదాంక అవ్వ మీద చెయ్యి ఎయ్యొద్దు."

ఒప్పుకున్నారు. తిరుగు బస్సులో నేను అడిగాను: "సార్, ఆ రోజు ఫ్యాక్టరీ నడిపిస్తే?"

"మోగుతది. గప్పుడు ఇంకో ప్రయోగం చేస్తం."

"అవ్వ పళ్లతోనా సార్?"

బస్సు ఫ్యాక్టరీ ముందునుంచి పోతుంటే ఆయన మెడ తిప్పి ఆ గేటు వైపే చూశారు.

ఆదివారం నేను ఒక్కణ్నే వెళ్లాను. ఊరంతా బావి చుట్టూ చేరింది. నర్సవ్వ గుమ్మంలో కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. పొద్దుగూకింది. గాలి లేదు, మబ్బు లేదు. చుక్కలు పొడిచాయి. ఎవరో వొర మీద చెవి ఆనించి చూశారు. పటేలు తానే వంగి చెవి ఆనించాడు. ఏమీ లేదు.

మొన్న గుడిసె వైపు కదిలిన పోరగాళ్లలో ఒకడు నోరు విప్పాడు. "సారు రాలే. అయినా బావి ఊకున్నది. అంటే సారుతోని ఏం కాలేదన్నట్టు."

"మంత్రం లేదు, ఏం లేదు. సారు ఉత్తోడే!" అన్నాడు ఇంకొకడు.

పటేలు మీసాల్లో నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నర్సవ్వ కొంగు తీసేసి నవ్వింది, నోట్లో ఉన్న పళ్లన్నీ కనబడేటట్టు.

మర్నాడు ల్యాబుకు పోయి చెప్పాను. "సార్, మీరు ఉత్తోడేనని ఊరంతా కలిసి తేల్చేసింది."

ఆయన చేతిలోని శ్రుతిదండాన్ని బల్ల మీద పెట్టేశారు. "దేవునికి స్తోత్రం" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "ఇందులో దేవుడెక్కడున్నాడు సార్?"

"నిన్న చర్చిల మొక్కిన బిడ్డా, పంఖ బంద్ ఉండాలెనని."

"మొక్కితే పంఖా ఆగుతుందా సార్?"

"ఆగది. గందుకే శనివారం గేటు కాడికి పోయి అడిగొచ్చిన. అయినా మొక్కిన."

ఇదీ మనిషి. ఈ మనిషి బావి నోరు మూయించాడని ఆయన సొంత చర్చిలో, ఆయన సొంత పాస్టరు చెబుతుంటే నేను ఎలా ఊరుకోను?

"అయ్యగారూ," అన్నాను, "సారు వెళ్లిన మర్నాడే ఆ బావి మళ్లీ మోగింది. తర్వాతి ఆదివారం ఆయన ఆ ఊరికి వెళ్లలేదు. ఆ రోజు బావి మోగలేదు. మూయించింది ఆయన కాదు. మూయించానని ఒక్క మాట అంటే చాలని ఒక ముసలవ్వ కాళ్లు పట్టుకుని బతిమాలింది. ఆయన అనలేదు. ఆయన్ను పొగడాలనుకుంటే దానికి పొగడండి."

తలలు వెనక్కి తిరిగాయి. "కూసో" అని ఎవరో గదమాయించారు. ఎవరీయన, మనవాడేనా అని ఇంకెవరో గుసగుసలాడారు. పాస్టరుగారు చేతిలో పుస్తకం మూసి ముందు వరస వైపు చూశారు. సారు భార్య బెంచీ అంచు పట్టుకుని మెల్లగా లేచారు.

"పిలగాడు చెప్పింది నిజం అయ్యగారూ. గా కత ఎవరన్న తప్పు చెప్తే ఈనకు మనసున పట్టకపోతుండె. భోజనాల కాడనైన సరే, లేసి నిలవడి సరిచేస్తుండె." నా వైపు తిరిగారు. "ఇయ్యాల ఆయన లేడు, నువ్వు లేసినవు. ఇగ కూసో బిడ్డా."

పాస్టరుగారు, "అయితే మనం తప్పు దిద్దుకుందాం" అని, కథను మొదటినుంచి మళ్లీ చెప్పారు. ఈసారి సరిగ్గానే చెప్పారు. చెప్పి, కీర్తన నంబరు పిలిచారు. అందరూ లేచారు.

నేనూ లేచాను. పాడలేదు.